సీసాలు కడిగే చేతులు: జీవభద్రత చరిత్రపై ఒక పరిశీలన

ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుతారు. 1897లో ఆ రోజున సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అనే ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు ఒక దోమ కడుపు కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అయిదేళ్ల తర్వాత, 1902లో, ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియా చెడుగాలి వల్ల వచ్చే జబ్బు కాదని, దోమ మోసుకొచ్చే జబ్బని తేల్చే దారిలో అది పెద్ద మలుపు. మానవజాతికి అది చేసిన మేలు ఎవరూ కాదనలేనిది. ఈ వ్యాసం ఆ మేలును తక్కువ చేయడానికి రాస్తున్నది కాదు.

అయితే చరిత్ర చదివేవాడు అడగవలసిన చిన్న ప్రశ్న ఒకటుంది. ఆ దోమ నాలుగు రోజుల ముందు ఎవరి రక్తం తాగింది?

ఆయన పేరు హుస్సేన్ ఖాన్. మలేరియాతో బాధపడుతున్న రోగి. దోమతెరలోకి వదిలిన దోమలు తనను కుడుతుంటే ఓర్చుకుని పడుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున రాస్ ఆయనకు చెల్లించాడు. రూపాయికి పదహారు అణాల కాలం అది. ఆ లెక్క మనకు తెలియడానికి కారణం కూడా రాసే. ఆయన దాచలేదు, రాసిపెట్టాడు. ఆ నిజాయితీని గౌరవించాలి. కాని అదే వారంలో రాస్ ఒక పద్యం కూడా రాశాడు. తన చేతికి ఈ రహస్యాన్ని అందించినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్న పద్యం అది. 1927లో కలకత్తాలో ఆయన పేర నిలిపిన స్మారక ద్వారం మీద ఆ పద్యపాదాలు చెక్కారు. తెలుగు చదువుకున్నవాణ్ని కాబట్టి పద్యంలో ఏముందో చూసిన తర్వాత ఏం లేదో కూడా చూడడం నాకు అలవాటు. ఆ పద్యంలో దేవుడున్నాడు, మృత్యువుంది, కవి శ్రమ ఉంది, బతకబోయే వేలాది జనం ఉన్నారు. హుస్సేన్ ఖాన్ లేడు. జమాఖర్చులో ఉన్న మనిషి కవిత్వంలోకి రాలేకపోయాడు.

రెండేళ్ల ముందు, 1895లో, అదే సికిందరాబాదులో ఇంకో ప్రయోగం జరిగింది. దోమ నీళ్లలో పడి చస్తే ఆ నీళ్లు తాగిన మనిషికి మలేరియా సోకుతుందన్నది రాస్‌కు గురువులాంటి పాట్రిక్ మాన్సన్ ఊహ. దాన్ని పరీక్షించడానికి రోగి రక్తం తాగిన దోమలు చచ్చిన నీళ్లను రాస్ తన సేవకుడు లచ్చుమన్ చేత తాగించాడు. కొన్నాళ్లకు లచ్చుమన్‌కు జ్వరం వచ్చింది. తర్వాత ఇతరుల మీద చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. ఆ ఊహ తప్పని తేలింది. లచ్చుమన్ ఇష్టపడే తాగాడని ఎవరైనా అనవచ్చు. యజమాని గ్లాసు చాపినప్పుడు సేవకుడి ఇష్టానికి ఎంత చోటు ఉంటుందో మన పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు.

మాన్సన్ కథ మా కోనసీమకు మరీ దగ్గరిది. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తూ, బోదకాలు కలిగించే ఫైలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని ఆయన కనుక్కున్నాడు. ఆ క్రిములు పగలు దాక్కుని రాత్రిపూట పైరక్తంలోకి వస్తాయన్నదీ ఆయన గుర్తించిన విషయమే. అందుకే మా వైపు ఫైలేరియా సిబ్బంది అర్ధరాత్రి తలుపు తట్టి వేలి రక్తం తీసుకునేవారు. కాలవలూ మురుగు కోడులూ ఉన్న లంక నేలలో బోదకాలు తెలియని ఊరు లేదు. ఆత్రేయపురంలో మా పెద్దల తరానికి అది ఇంటి జబ్బు. కాని మాన్సన్ తన దోమలకు ఎవరి రక్తం పట్టాడు? ఫైలేరియా ఉన్న తన తోటమాలి, హిన్ లో అనే చైనా మనిషి రక్తం. అతన్ని దోమల గదిలో పడుకోబెట్టి, తెల్లవారాక గోడల మీద వాలిన దోమలను పట్టించాడు.

హిన్ లో, లచ్చుమన్, హుస్సేన్ ఖాన్. ఒకరు తోటమాలి, ఒకరు సేవకుడు, ఒకరు డబ్బు పుచ్చుకున్న రోగి. వీళ్లను ప్రయోగశాల భద్రత అనే అంశంలోకి ఎందుకు లాగుతున్నావని పాఠకులు అడగవచ్చు. జీవభద్రత అంటే చేతి తొడుగులు, ముఖ కవచాలు, గాజు తలుపుల గదులు అనుకోవడం మనకు అలవాటు. అవన్నీ పనిముట్లు. దాని మూలంలో ఉన్నది ఒక్కటే ప్రశ్న: జ్ఞానం సంపాదించే క్రమంలో పుట్టే అపాయాన్ని ఎవరు మోయాలి, మోసేవాళ్లకు ఆ సంగతి తెలుసా? ఈ ప్రశ్నతో చూస్తే ఆధునిక జీవశాస్త్ర ప్రయోగశాల మన తెలుగు నేల మీద పుట్టినప్పుడే సమస్య కూడా దానితో పుట్టిందని అర్థమవుతుంది. రాస్ పనిచేసిన బేగంపేట భవనం తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చి ఆయన పేరుతోనే పరాన్నజీవి శాస్త్ర సంస్థ అయింది. కనుక ఇది విశ్వవిద్యాలయానికి బయటి కథ అనడానికి వీల్లేదు.

శాస్త్రవేత్తలు తమ ప్రాణాలు పణం పెట్టలేదా అంటే, పెట్టారు. హాఫ్కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను 1897 జనవరిలో బొంబాయిలో ముందు తన ఒంట్లోనే పొడిపించుకున్నాడు. టైఫస్ జ్వరాన్ని పరిశోధిస్తూ 1910లో రికెట్స్, 1915లో ప్రొవాజెక్ అదే జ్వరంతో పోయారు. వాళ్లిద్దరి పేర్లూ కలిపి ఆ సూక్ష్మజీవికి రికెట్సియా ప్రొవాజెకీ అని పెట్టారు. అది న్యాయమైన గౌరవం. కాని తేడా గమనించాలి. శాస్త్రవేత్త తనకు తెలిసిన అపాయంలోకి తాను ఎంచుకుని దిగాడు, పోయినా పేరు నిలిచింది. సీసాలు కడిగినవాడు తెలియని అపాయంలోకి జీతం కోసం దిగాడు. అతని పేరు ఏ సూక్ష్మజీవికీ పెట్టలేదు.

అపాయం ఎలా వస్తుందన్నది కూడా చాలాకాలం తెలియలేదు. 1976లో పైక్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రయోగశాలల్లో సోకిన జబ్బుల వివరాలు పోగుచేస్తే 3,921 కేసులు లెక్కకు వచ్చాయి. వాటిలో ఫలానా ప్రమాదం వల్ల సోకిందని చెప్పగలిగినవి అయిదో వంతు కూడా లేవు. సూది గుచ్చుకోవడం, సీసా పగలడం కళ్లకు కనిపిస్తాయి. గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్ మూత తీసినప్పుడు, కాల్చిన తీగను క్రిముల ద్రవంలో ముంచినప్పుడు, పిపెట్టులోంచి చివరి బొట్టు ఊదినప్పుడు గాలిలోకి లేచే తుంపరలు కనిపించవు. ఒకప్పుడు పిపెట్టును నోటితో పీల్చేవారు. అది తప్పని కాకుండా నైపుణ్యమని నేర్పేవారు. కంటికి కనిపించని ఈ తుంపరల కోసమే గాలిని లోపలికి లాగి వడపోసే క్యాబినెట్లు వచ్చాయి. క్రిములున్న వ్యర్థాన్ని బయటికి పంపేముందు ఆటోక్లేవులో పెట్టడం నియమమైంది. మన వంటింటి ప్రెషర్ కుక్కరు సూత్రమే అది. చదరపు అంగుళానికి పదిహేను పౌన్ల ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ వేడి తగినంతసేపు నిలిస్తే మొండి సిద్ధబీజాలు కూడా చస్తాయి. ఆ ‘తగినంతసేపు’ నిలబడి కాచేది మాత్రం ఎక్కువచోట్ల అటెండరే.

తప్పు జరిగినప్పుడు నింద ఎటు నడుస్తుందో చెప్పే ఘట్టం ఒకటుంది. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి ప్లేగు టీకా వేశారు. ఒకే సీసాలోంచి తీసి వేసినవారిలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. ప్రభుత్వం బొంబాయిలోని ప్రయోగశాలనే తప్పుపట్టింది. హాఫ్కిన్ పదవి పోయింది. మందు తయారీలో కార్బాలిక్ ఆమ్లం మాని వేడితో శుద్ధి చేసే పద్ధతికి మారడమే ఆయన నేరంగా చూపారు. 1907లో రాస్‌తో సహా పదిమంది శాస్త్రజ్ఞులు లండన్ టైమ్స్‌కు ఉత్తరం రాసి ఆయన్ని సమర్థించారు. ఆయన నిర్దోషి అని అంగీకరించక తప్పలేదు. క్రిమి సీసాలోకి చేరింది ప్రయోగశాలలో కాదు, ఊళ్లో మూత తీసేటప్పుడు నేలమీద పడిన పట్టుకారును సరిగా శుద్ధి చేయకుండా వాడడం వల్లనని వాదం నిలిచింది. హాఫ్కిన్‌కు న్యాయం జరిగింది, సంతోషమే. కాని నింద పైనుంచి దిగి ఎక్కడ ఆగిందో చూడండి. పట్టుకారు పట్టుకున్న సహాయకుడి చేతి దగ్గర ఆగింది. దాన్ని మళ్లీ శుద్ధి చేయడానికి ఆ పల్లెలో అతనికి ఏ సదుపాయం ఇచ్చారు, ఎంత శిక్షణ ఇచ్చారు అన్న ప్రశ్న పెద్దల వాదోపవాదాల్లో ముఖ్యం కాలేకపోయింది.

విశ్వవిద్యాలయ ప్రయోగశాలల చరిత్రలో ఇలాంటి మలుపు 1978లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హాంలో వచ్చింది. అప్పటికి మశూచి లోకం నుంచి దాదాపు పోయింది. మన దేశంలో చివరి కేసు 1975 మే నెలది. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి, ఊరి పొలిమేరలో జాతర చేసిన తరాలకు ఇది నమ్మశక్యం కాని విజయం. మా పెద్దవాళ్ల జబ్బల మీద ఉన్న గుండ్రని టీకా మచ్చలు దాని సాక్ష్యాలు. ఆ సమయంలో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో ప్రొఫెసర్ హెన్రీ బెడ్సన్ మశూచి వైరస్ మీద పరిశోధన చేస్తున్నాడు. ఆ ప్రయోగశాల సదుపాయాలు తగినట్టు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకుముందే గుర్తించింది. ఏడాది చివరికి దాన్ని మూసివేయాల్సి ఉంది. మూసేలోగా పని ముగించాలన్న తొందర ఉంది.

ఆ ప్రయోగశాలకు పై అంతస్తులో జానెట్ పార్కర్ అనే ఫొటోగ్రాఫర్ పనిచేసేది. ఆమెకు వైరస్‌తో ఏ పనీ లేదు. ఆమె చివరిసారి టీకా వేయించుకున్నది 1966లో. 1978 ఆగస్టులో జబ్బుపడింది. సెప్టెంబరు 11న చనిపోయింది. మశూచితో ప్రపంచంలో చివరగా చనిపోయిన మనిషి ఆమే. అంతకు నాలుగు రోజుల ముందు బెడ్సన్ ఆత్మహత్య చేసుకున్న గాయంతో మరణించాడు. విచారణ సంఘం వైరస్ గాలిగొట్టంలోంచి పైకి వచ్చిందని అంది. విశ్వవిద్యాలయం మీద పెట్టిన కేసులో ఆ వాదం నిలవలేదు, 1979లో విశ్వవిద్యాలయం నిర్దోషిగా బయటపడింది. ఆమెకు సోకింది మాత్రం కింది ప్రయోగశాలలో వాడుతున్న రకం వైరసే. ఇక్కడ ఒక నిజం బోధపడుతుంది. సంస్థలో భద్రత లోపిస్తే దానికి మొదట బలయ్యేది ఆ పని చేసేవాడే కానక్కరలేదు. పక్క గదిలో, పై అంతస్తులో, గేటు బయట ఉన్నవాళ్లు కావచ్చు. 2010లో మన దేశంలోనే ఢిల్లీ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి వాడకుండా పడివున్న ఒక రేడియేషన్ యంత్రాన్ని తుక్కు కింద వేలం వేసింది. లోపల కోబాల్టు-60 ఉంది. మాయాపురి పాతసామాన్ల బజారులో దాన్ని విప్పిన కూలీలు రేడియేషన్‌కు గురయ్యారు, ఒకరు చనిపోయారు. అది జీవపదార్థం కాదు గాని నీతి మాత్రం అదే.

ఇక మన చట్టాల సంగతి. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేలాదిమందిని చంపిన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1989 డిసెంబరు 5న అపాయకర సూక్ష్మజీవులు, జన్యుమార్పిడి జీవులకు సంబంధించిన నిబంధనలు గెజెట్‌కెక్కాయి. మన దేశంలో ప్రయోగశాలల జీవభద్రతకు ఈనాటికీ పునాది ఇవే. వీటి ప్రకారం ఇలాంటి పరిశోధన చేసే ప్రతి సంస్థలో జీవభద్రతా సంఘం ఉండాలి. అందులో సంస్థ అధిపతి, డీఎన్‌ఏ పని తెలిసిన శాస్త్రవేత్తలు, ఒక వైద్య నిపుణుడు, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ప్రతినిధి ఉంటారు. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే ప్రణాళికను సిద్ధం చేయించడం ఈ సంఘం బాధ్యత. అవసరమైన చోట జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన ఇంకో సంఘం ఉండాలని, అందులో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు, కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి, జిల్లా వైద్యాధికారి వగైరా ఉండాలని నిబంధనలు చెబుతాయి.

మంచి ఏర్పాటే. సభ్యుల జాబితాను మరోసారి చదవండి. అధిపతికి కుర్చీ ఉంది. పరిశోధకుడికి ఉంది. వైద్యుడికి ఉంది. ప్రభుత్వానికి ఉంది. సీసాలు కడిగేవాళ్లకు, జంతువుల గది ఊడ్చేవాళ్లకు, ఆటోక్లేవు దగ్గర నిలబడేవాళ్లకు లేదు. హుస్సేన్ ఖాన్ నుంచి ఈ నిబంధనల దాకా 92 ఏళ్లు గడిచాయి. జమాఖర్చులోంచి సంఘంలోకి ఆయన వారసులు రాలేదు.

మార్పు అసలే లేదనడం అన్యాయం. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఆసుపత్రులతోపాటు పరిశోధనా సంస్థలకు, విద్యాసంస్థలకు కూడా వర్తిస్తాయి. వ్యర్థాలను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల కింద వేరుచేయాలి. సూక్ష్మజీవుల వ్యర్థాన్ని బయటికి పంపేముందే అక్కడే శుద్ధి చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ చెత్త పట్టుకునే ప్రతి మనిషికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, శిక్షణ ఇవ్వాలి, ఏటా ఆరోగ్య పరీక్ష చేయించాలి, ప్రమాదం జరిగితే నమోదు చేయాలి. ఇక్కడ చట్టం మొదటిసారిగా చెత్త వైపే కాకుండా చెత్త మోసే చేతి వైపు కూడా చూసింది. చూసింది గాని, ఆ చేయి మాట విన్నదా? శిక్షణ ఇవ్వడం వేరు, సలహా అడగడం వేరు.

భాష పనిచేసేవాడిగా నాకు ఇక్కడ ఇంకో సంగతి తోస్తుంది. ప్రయోగశాల తలుపు మీద మూడు కొమ్ములు కలిసినట్టుండే అపాయ చిహ్నం చాలామంది చూసే ఉంటారు. 1966లో అమెరికాలో డౌ కెమికల్ కంపెనీలో దాన్ని తయారుచేశారు. తయారుచేసినవాళ్లు కావాలనే ఏ అర్థమూ స్ఫురించని బొమ్మను ఎంచుకున్నారు. చూస్తే మరిచిపోకూడదు, అంతకుముందు దానికి ఏ అర్థమూ ఉండకూడదు, అప్పుడే దానికి మనం కొత్త అర్థం నేర్పగలం అన్నది వాళ్ల ఆలోచన. అంటే అది నేర్పితేనే పలికే అక్షరం. నేర్పకపోతే గోడ మీద ముగ్గు. మన విశ్వవిద్యాలయాల్లో ఆ ముగ్గు పక్కన రాసే హెచ్చరికలు ఎక్కువగా ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. దాన్ని చదవగలిగినవాడు లోపల కోటు వేసుకుని ఉంటాడు, చదవలేని మనిషి చీపురు పట్టుకుని తలుపు తీస్తుంది. మాతృభాషలో బోధన గురించి మనం ఎన్నో సభలు జరిపాం. కవిత్వానికీ పాఠ్యపుస్తకానికీ అడిగిన హక్కును ప్రాణాపాయపు హెచ్చరికకు అడగలేదు.

అటెండరుకు ఏం తెలుసు, సంఘంలో కూర్చుని ఏం చెబుతాడు అని అడిగేవారికి మా ఊరి మాట ఒకటి చెబుతాను. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పలచని బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద వేసి లాగుతారు. క్షణంలో పొర లేస్తుంది. కుండ ఎప్పుడు మితిమీరి కాలిందో, గుడ్డ ఎప్పుడు అంటుకోబోతుందో, చేయి ఎప్పుడు వెనక్కి తీయాలో వ్యాపారి పద్దుపుస్తకంలో ఉండదు. పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి వేళ్లకు తెలుసు. అపాయం తెలిసేది పనిలోనే. ఏ సింకులో నీళ్లు వెనక్కి తన్నుతున్నాయో, ఏ ఆటోక్లేవు ముల్లు అబద్ధం చెబుతుందో, ఏ పరిశోధక విద్యార్థి సూదిని మామూలు బుట్టలో వేసి పోతున్నాడో ముందుగా తెలిసేది కడిగే మనిషికే. ఆ జ్ఞానాన్ని వదులుకున్న భద్రతా సంఘం అరకన్నుతో చూస్తున్నట్టే లెక్క.

నేను పాఠం చెప్పిన పిల్లల్లో కొందరు కాకినాడ, రాజమండ్రి, విశాఖపట్నం, హైదరాబాదుల్లో సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నారు. అదే బడిలో పదో తరగతి దగ్గర ఆగిపోయినవాళ్లలో కొందరు అవే ఊళ్లలో అవుట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య సిబ్బందిగా చేరారు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు రేపు ఒకే ప్రయోగశాలలో బల్లకు అటూ ఇటూ నిలబడవచ్చు. ఒకరికి టీకా, బీమా, సంతకం చేసిన నిబంధనల పుస్తకం ఉంటాయి. రెండోవారి జీతం కాంట్రాక్టరు దగ్గర్నుంచి వస్తుంది కాబట్టి ఆయన ఎవరి మనిషి అన్నదే తేలదు. ప్రమాదం జరిగిన రోజున ఆ తేలనితనం విశ్వవిద్యాలయానికి రక్షణ అవుతుంది, ఆయనకు కాదు.

మనం అడగవలసింది పెద్ద కోరికేమీ కాదు. ప్రతి విశ్వవిద్యాలయ జీవభద్రతా సంఘంలో కిందిస్థాయి సిబ్బంది ఎన్నుకున్న ఒక మనిషికి కుర్చీ కావాలి. ప్రతి ప్రయోగశాల తలుపు మీద, ప్రతి ప్రమాద ప్రణాళికలో తెలుగు కావాలి. కాంట్రాక్టు మనిషైనా సరే, టీకా లెక్కా ప్రమాదాల నమోదూ విశ్వవిద్యాలయం పుస్తకంలోనే ఉండాలి. వీటికి కొత్త శాస్త్రం కనిపెట్టనక్కరలేదు, విదేశీ యంత్రాలు తెప్పించనక్కరలేదు. సికిందరాబాదులో దోమకు అణా చొప్పున కట్టిన లెక్క రాస్ నిజాయితీగా రాసిపెట్టాడు. ఆ లెక్కలో ఇంకా చెల్లించని బాకీ ఎంతో విశ్వవిద్యాలయాలు తేల్చాలి.